నీలం పురికొస

మంగళవారం ఉదయం పదింపావు.

"బుడ్డి తప్పు చెప్పలేదు తాతగారూ," అంది మెర్సీ. "తప్పు చెప్పిందని తేలితే సాయంత్రం ఐదింటికి సంఘం ముందు నేనే ఒప్పుకుంటాను. అరవై చెరువుల్లోంచీ నా చేత్తో నేనే తీసేస్తాను."

ఆ పిల్ల ఏడవలేదు.

ఆ మాట అన్న గది ఒకప్పుడు మా జనపనార మిల్లులో బ్యాచింగ్ సెక్షను. ఇరవై రెండేళ్ళు ఇక్కడే నారకి నూనె పట్టాను. తర్వాత తొమ్మిదేళ్ళు వాచ్ అండ్ వార్డులో చేశాను. మిల్లులో బాబిన్ పోయినా బోల్టు పోయినా "యోబుని పిలవండి" అనేవారు. మిల్లు మూతబడింది. గోడౌన్లలో గబ్బిలాలు చేరాయి. ఇక ఏలూరులో ఈ గోడలకి పని లేదనుకున్నాను. ఇప్పుడు అవే గోడల మధ్య పద్దెనిమిది చిన్న కంపెనీలు. పెదవేగి తోటలో పామాయిల్ గెల పండిందో లేదో ఒక కుర్రాడు ఇక్కడ కూర్చుని చెబుతాడు. నేను అయిదో తరగతి దాటలేదు. అయినా ఆ పిల్లలు పని చేస్తుంటే గుమ్మంలో నిలబడి చూస్తాను. మా షిఫ్టులో కూడా అంత ఒళ్ళు దాచుకోకుండా చేసినవాళ్ళు తక్కువ.

వాళ్ళందరిలో మెర్సీది మొదటి కంపెనీ. పేరు ఊపిరి. నారింజ రంగు బుడ్డి ఒకటి చెరువులో తేలుతుంది. నీళ్ళలో ఆక్సిజన్ ఎంతుందో పది నిమిషాలకోసారి రైతు ఫోనుకి చెబుతుంది. తగ్గిందంటే గంట మోగిస్తుంది. రైతు లేచి, నీళ్ళు చిలికి గాలి కలిపే ఏరియేటర్లు వేసుకుంటాడు. మెర్సీ వాళ్ళ నాన్న కొల్లేరులో చెరువు కాపలా మనిషి. చేపలు తల తేలేస్తాయేమోనని రాత్రంతా టార్చిలైటుతో కట్ట మీద తిరిగేవాడు. "మా నాన్న ఒక్క రాత్రి పడుకోవాలని చేశాను," అని కంపెనీ ప్రారంభం రోజున చెప్పింది.

మొన్న ఆదివారం రాత్రి ముదినేపల్లి దగ్గర కోదండరామయ్య గారి చెరువులో బుడ్డి గంట మోగించలేదు. సోమవారం తెల్లారేసరికి ఇరవై ఎకరాల చేప తెల్లగా తేలింది.

"యంత్రం చచ్చిపోయింది. ఈ అమ్మాయి దాస్తోంది. అంతే కేసు," అన్నాడు ఎదురు కుర్చీలోని రాజ్ కుమార్.

ఈయన రిటైరైన సి.ఐ. బెజవాడలో డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టుకున్నాడు. చెరువుల సంఘం తరఫున విచారణకి వచ్చాడు. పదిహేనేళ్ళ కిందట మిల్లులో మోటారు దొంగతనం జరిగితే ఈయన వాచ్‌మన్‌ని లోపలేశాడు. నేను మోటారునీ, అసలు దొంగనీ తెచ్చి స్టేషన్ మెట్ల మీద కూర్చోబెట్టాను. అది ఆయన మర్చిపోలేదు.

"యోబు గారూ, ఇది బాబిన్ల దొంగతనం కాదు. సాఫ్ట్‌వేర్. మీకెందుకండీ ఈ వయసులో?"

"నాకు సాఫ్ట్‌వేర్ తెలీదు సార్. టైములు తెలుసు. అమ్మా, ఆ అంకెలు చదువు."

మెర్సీ ఫోన్ తీసింది. "శనివారం మధ్యాహ్నం దాకా మామూలే. ఎండలో ఎనిమిది, తొమ్మిది. తెల్లారగట్ల నాలుగుకి పడుతుంది. శనివారం సాయంత్రం నాలుగూ ఇరవైకి ఆగింది, అయిదూ నలభైకి మళ్ళీ వచ్చింది, అప్పట్నుంచి పగలూ రాత్రీ ఒకటే. అయిదు పాయింటు ఒకటి, అయిదు పాయింటు మూడు, అయిదు పాయింటు రెండు."

"చూశారా? ఇరుక్కుపోయింది," అన్నాడు రాజ్ కుమార్.

"ఇరుక్కుపోయిన గడియారం ఒకటే టైము చూపిస్తుంది సార్. ఇది ఒకటికీ మూడుకీ మధ్య ఊగుతోంది. అంటే బతికే ఉంది. తర్వాత తల్లీ?"

"సోమవారం తెల్లవారుజామున నాలుగూ యాభైకి ఇంకోసారి ఆగిపోయింది. మళ్ళీ ఆరూ పదికి వచ్చింది. సున్నా పాయింటు తొమ్మిది."

"మధ్యలో?"

"ఏమీ లేదు. నీళ్ళలో లేకపోతే అంకె రాదు. సిగ్నల్ లేకపోయినా రాదు."

"సిగ్నలే," అన్నాడు రాజ్ కుమార్ లేస్తూ.

రెండుసార్లూ గంటా ఇరవై నిమిషాలే. వేళ్ళ మీద ఒకసారి లెక్కపెట్టుకుని ఊరుకున్నాను.

"నీ పార్ట్‌నర్ ఏడమ్మా?"

"సాయి పొద్దున్నే వెళ్ళాడు తాతగారూ. మిగతా చెరువుల్లో బుడ్డులన్నీ చూసొస్తానన్నాడు. నిన్నట్నుంచీ అన్నం కూడా తినలేదు."

సాయి అంటే దుర్గాసాయి. పెంటపాడు కుర్రాడు, వరి రైతుల బిడ్డ. గూడెంలో ఇంజనీరింగ్ చదివాడు. మెర్సీకి వైరు అతికించడం నేర్పినవాడు అతనే.

పన్నెండూ నలభైకి చెరువు దగ్గరికి చేరాం. మెర్సీ కారులో నేను, వెనక రాజ్ కుమార్ కారు. మూడు రోజులుగా పట్టిన ముసురు వదల్లేదు. ఎండ లేకపోతే చెరువుకి ఊపిరి సరిగ్గా ఆడదు. కట్ట పక్కన గొయ్యి తీసి చేపల్ని పూడ్చి సున్నం జల్లారు.

కోదండరామయ్య గారు తలపాగా విప్పి భుజాన వేసుకుని నిలబడ్డారు. అరుస్తారనుకున్నాను. అరవలేదు.

"అమ్మాయి మీద నాకు కోపం లేదండి యోబు గారూ. అది చెప్తాదిలే అని మేమే పడుకున్నాం. పాతికేళ్ళలో చెరువు మీదకి రాకుండా పడుకున్నది ఈ రెండు నెలలేనండి. కానీ ఐదింటికి సంఘంలో నేనొక మాట చెప్పాలి కదా. నన్ను చూసే మిగతావాళ్ళు వేయించుకున్నారు."

మెర్సీ తల వంచుకుంది. ఆయన తిట్టుంటే బాగుండేది.

కాపలా మనిషి నానిని పిలిచాను. యాభై ఏళ్ళుంటాయి. అడిగినదానికి తప్ప చెప్పని మనిషి.

"ఎన్నింటికి చూశావు నానీ?"

"అయిదున్నరకండి. వెంటనే మెర్సీ గారికి ఫోన్ కొట్టాను."

"బుడ్డి ఉందా చెరువులో?"

"ఉందండి. నారింజ రంగు కనపడతానే ఉంది."

"దీపం వెలుగుతోందా?"

బుడ్డి నెత్తిన పచ్చ దీపం ఒకటి మినుకుమినుకుమంటుంది.

"లేదండి."

"ఎప్పట్నుంచి?"

"శనివారం చీకటి పడ్డ కాణ్ణుంచీ లేదండి. ముసురు కదా, చార్జింగ్ ఎక్కలేదనుకున్నాను. ఫోన్లో అంకె వత్తానే ఉంది కదండి మరి."

"ఇది నాకు చెప్పలేదేం?" అన్నాడు రాజ్ కుమార్.

"తవరు అడగలేదండి."

కోదండరామయ్య గారు అంత బాధలోనూ నవ్వు దాచుకోవడానికి మొహం పక్కకి తిప్పుకున్నారు.

"శనివారం ఎవరైనా వచ్చారా?"

"సాయి బాబు గారొచ్చారండి. బుడ్డి కడగాలన్నారు. నాలుగైంది."

"సోమవారం అందరికంటే ముందు ఎవరొచ్చారు?"

"ఆయనేనండి పాపం. నేను ఏరియేటర్లు వేసి కట్ట చివరిదాకా వెళ్ళొచ్చేసరికే దోనెలో ఉన్నారు. పాలవ్యాను ఎల్తంది అప్పుడు."

"పాలవ్యాను ఎన్నింటికి?"

"ఆరూ పదికండి. ఇంకో నిమిషం అటూ ఇటూ కాదు."

"బుడ్డి దగ్గరికి తీసుకెళ్ళు."

దోనె ఎక్కాం. చెరువులో వరసగా పాతిన కర్రలకి తవుడు సంచులు వేలాడుతున్నాయి. సంచులకి చిల్లులుంటాయి. చేప వచ్చి మూతితో పొడుచుకుని తింటుంది. ఆ కర్రల్లో ఒకదానికే బుడ్డిని కట్టారు. నాని తెడ్డు ఆపాడు. నేను కర్ర పట్టుకుని వంగాను.

కర్ర మీద నైలాను తాడు మొదలు ఉంది. కత్తితో కోసినట్టు నున్నగా తెగి ఉంది. దాని పైన ఇంకో తాడు బిగించి బుడ్డిని కట్టారు. ఆ తాడు ముట్టుకోగానే నా వేళ్ళు గుర్తుపట్టాయి. తర్వాతే కళ్ళు చూశాయి.

పురికొస. నీలం రంగు పురికొస.

"నానీ, చెరువు మీద పురికొస వాడతారా?"

"అబ్బే, పురికొసేంటండి! నీళ్ళలో పడితే పట్టుమని పదిరోజులు ఉండదు, కుళ్ళి ఊడొచ్చేత్తాది. మాదంతా నైలానేనండి. చిన్నపిల్లోడిక్కూడా తెలుసు."

ముడి విప్పి చేతికి చుట్టుకున్నాను. తాడు గట్టిగా ఉంది. ఒక్క పీచు కూడా లేవలేదు. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. తడిసినా ఇంకా ఆ వాసన ఉంది. ఇరవై రెండేళ్ళు మా ఆవిడ ఎన్ని సబ్బులు వేసినా నా చొక్కాల్లోంచి పోని బ్యాచింగ్ నూనె వాసన.

కట్ట ఎక్కగానే రాజ్ కుమార్ అడ్డం వచ్చాడు. "చేతిలో ఏంటది?"

దాచలేదు. చూపించాను.

"పురికొస!" పెద్దగా నవ్వాడు. "కోదండరామయ్య గారూ, మీ కేసు తేలిపోయిందండోయ్. యోబు గారికి పల్లెటూళ్ళో పురికొస దొరికింది."

"బుడ్డి నీళ్ళలో పడి రెండు నెలలు సార్. ఈ తాడు నీళ్ళలో పడి రెండ్రోజులు కూడా కాలేదు. అంటే ఎవరో బుడ్డిని తీసుకెళ్ళారు. దీపం లేని ఉత్త బుడ్డి ఒకటి ఇక్కడ తేల్చారు. అసలుది శని, ఆదివారాలు వేరే నీళ్ళలో ఉంది. ఆ నీళ్ళ లెక్కే చెప్పింది. సోమవారం తెచ్చి మళ్ళీ కట్టారు. అప్పుడు ఈ చెరువు లెక్క చెప్పింది. సున్నా పాయింటు తొమ్మిది. మీరు దోషి అంటున్న యంత్రం ఒక్కసారి కూడా అబద్ధం ఆడలేదు."

నవ్వు ఆగింది. కానీ ఆయన పోలీసు. వెంటనే తేరుకున్నాడు.

"సరే. ఎవరో మార్చారు. బుడ్డి విప్పడం, కట్టడం, ఉత్త బుడ్డి తయారుచెయ్యడం ఎవరికి తెలుసు? ఈ అమ్మాయికే. యంత్రంలో లోపం బయటపడకుండా తనే ఈ నాటకం ఆడింది. కాదనండి."

కాదనలేకపోయాను. ఎందుకంటే ఆయనకి తెలియనిది నాకు తెలుసు. గవర్నమెంటు బియ్యం సంచికి మధ్యలో నీలం చార వేసేవాళ్ళం. ఆ చార కోసం ఒడికిన ఆఖరి బాబిన్ మిల్లు మూసిన రోజున నేను ఇంటికి తెచ్చుకున్నాను. మెర్సీ కంపెనీ మొదలైన రోజున దాన్ని తెచ్చి ఆ పిల్ల బల్ల మీద పెట్టాను. "మా పని ఇక్కడితో ఆగింది, మీది ఇక్కడ మొదలుపెట్టండి," అన్నాను. ఆ నీలం దారం లోకంలో ఇంకెక్కడా లేదు.

కారెక్కాక తాడు ఆ పిల్ల ఒళ్ళో పెట్టాను. చూసింది. మొహం పాలిపోయింది.

"ఇది మీ బాబిన్ దారం."

"నువ్వు కట్టావా తల్లీ?"

"తాతగారూ!" కారు పక్కకి తీసి ఆపేసింది. "మా నాన్న చెరువు మీదే బతికాడు. నీళ్ళలో పురికొస కడతానా నేను?"

ఆ కోపం చూసి నా గుండె కుదుటపడింది. దొంగ అయితే ముందు బాబిన్ గురించి సంజాయిషీ చెప్పేది. ఈ పిల్ల పని గురించి రోషపడింది.

"మరి పురికొసతో కట్టే చెయ్యి ఎవరిదమ్మా? నీళ్ళలో పెరిగినవాళ్ళది కాదు. ధాన్యం బస్తాలు కట్టి పెరిగిన చెయ్యి. తాడు కావాలంటే ముందు పురికొసకే వెళ్తుంది."

మెర్సీ ఒళ్ళో తాడుని తిప్పి చూసింది.

"సోమవారం సాయికి ఎన్నింటికి ఫోన్ చేశావు?"

"అయిదూ ముప్ఫై అయిదుకి. ఏలూరులో రూములోనే ఉన్నానన్నాడు. ఇప్పుడే బయల్దేరతానన్నాడు."

"ఇవాళ మనం ఎంతసేపట్లో వచ్చాం?"

"గంటా ఇరవై..." ఆగిపోయింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఆరూ పదికే దోనెలో ఉన్నాడు."

"నాలుగూ యాభైకి నీళ్ళలోంచి తీశాడు. ఆరూ పదికి చెరువులో దించాడు. అది సిగ్నల్ కాదమ్మా. దారి."

రోడ్డు వైపు చూస్తూ అంది. "నా చేత మొదటి వైరు అతికించినవాడు తాతగారూ. చెయ్యి కాలితే తనే మందు రాశాడు."

కారు తియ్యమన్నాను.

మూడూ పావుకి మిల్లులో ఉన్నాం. రాజ్ కుమార్ కూడా మా వెనకే వచ్చాడు. సాయి టైముల లెక్క ఆయనకీ చెప్పాను. బల్ల మీద బాబిన్ ఉంది. చివర కత్తిరించి ఉంది. నా చేతిలో తాడు చివర పక్కన పెడితే ముక్కకి ముక్క సరిపోయింది.

"శని, ఆదివారాలు ఇక్కడ నీళ్ళు ఎక్కడుంటాయి?" అన్నాడాయన. గొంతులో వెటకారం తగ్గింది.

"సాయి స్పేర్లు పెట్టుకునే గది ఒకటుంది," అంది మెర్సీ. "వెనకాల పాత నూనె గది. తాళం తన దగ్గరే ఉంటుంది."

"బద్దలు కొడదాం," అన్నాడు రాజ్ కుమార్.

"అక్కర్లేదు సార్. ఈ తలుపు బందులు పైకెత్తితే ఊడొస్తాయి. తాళంచెవి పోయినప్పుడల్లా మేం అలాగే తీసేవాళ్ళం. అటు పట్టుకోండి."

బెజవాడ డిటెక్టివ్ చొక్కా చేతులు మడిచి అటు పట్టుకున్నాడు. తలుపు లేచింది. గడప పైన చిన్న దీపం ఒకటి రెండుసార్లు వెలిగి ఆగింది. అప్పుడు నేను దాన్ని పట్టించుకోలేదు. పట్టించుకుని ఉండాల్సింది.

లోపల పెద్ద ప్లాస్టిక్ తొట్టి. నిండా నీళ్ళు. చిన్న మోటారు ఒకటి బుడగలు ఊదుతోంది. నీళ్ళ మీద నారింజ బుడ్డులు పక్కపక్కనే తేలుతున్నాయి. ఒక్కోదాని నెత్తిన పచ్చ దీపం మినుకుమినుకుమంటోంది.

లెక్కపెట్టాను. పదకొండు.

మెర్సీ ఫోన్ తీసి ఒక్కో బుడ్డి మీద నంబరు సరిచూసింది. "అయిదు పాయింటు రెండు. అయిదు పాయింటు ఒకటి. అయిదు పాయింటు రెండు." ఆఖరి నంబరు కూడా చూసింది. "అన్నీ బతికే ఉన్నాయి తాతగారూ. అన్నీ నిజమే చెబుతున్నాయి. ఈ తొట్టి గురించి. సాయి బుడ్డులన్నీ చూసొస్తానని వెళ్ళింది వీటికోసమే."

"పదకొండు చెరువులు," అన్నాడు రాజ్ కుమార్. "ఒకటి పోతే పొరపాటంటారు. పన్నెండు పోతే కంపెనీయే పోతుంది. ఈమధ్య ఎవరైనా కొంటామని అడిగారా?"

"హైదరాబాద్ వాళ్ళు అడిగారు. నేను ఇవ్వనన్నాను. సాయి ఇద్దామన్నాడు."

మూడు రోజుల ముసురు. ఇంకో రాత్రి ఇలాగే ఉంటే తెల్లారేసరికి ఆ పదకొండు చెరువులూ తెల్లగా తేలతాయి. ఆ రైతులందరూ అంకె చూసుకుని హాయిగా పడుకుంటారు.

మెర్సీ నంబరు నొక్కబోయింది. రాజ్ కుమార్ ఆపాడు.

"ఆగమ్మా. ముందు కుర్రాణ్ణి పట్టుకుందాం. ఇప్పుడే ఫోన్ చేస్తే ఐదింటిలోపు సంఘం అంతా గుప్పుమంటుంది. నీ ఆఫీసులోనే, నీ బుడ్డులే దొరికాయని. నువ్వెంత చెప్పినా వినరు. నీ కంపెనీకి ఇవాళే ఆఖరి రోజు."

"చెయ్యకపోతే వాళ్ళ చేపలకి ఆఖరి రోజు కదండీ," అంది మెర్సీ.

ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది. "బాబాయ్ గారూ, నేను మెర్సీని. మీ చెరువులో ఉన్నది ఉత్త బుడ్డి. తప్పు మా దగ్గరే జరిగింది. అంకె నమ్మొద్దు. ఇప్పుడే ఏరియేటర్లు వేసెయ్యండి." ఒకాయన తిట్టాడు. తిట్లు మాకు కూడా వినిపించాయి. అంతా విని, "అలాగేనండి, ముందు ఏరియేటర్లు వెయ్యండి," అని తర్వాతి నంబరు నొక్కింది. రాజ్ కుమార్ తన ఫోన్ తీసి, "సగం నంబర్లు నాకు చెప్పమ్మా," అన్నాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళ మిల్లు జీవితంలో ఎందరో మేనేజర్లని చూశాను. ఆ పిల్లలా నిలబడ్డవాణ్ణి ఒక్కణ్ణీ చూడలేదు.

పది మంది ఎత్తారు. పదకొండోది అచ్చాయమ్మ గారి చెరువు. కోదండరామయ్య గారి చెరువు అవతల గట్టే. మొగుడు పోయాక చెరువంతా తనొక్కతే చూసుకుంటుంది. మెర్సీ స్పీకర్ వేసింది. ఆరుసార్లు మోగింది.

"అచ్చాయమ్మ గారూ, నేను మెర్సీని..."

"పది మందికి చెప్పేశావా మెర్సీ?"

దుర్గాసాయి గొంతు. ఎప్పటిలాగే మెత్తగా ఉంది.

"తలుపు తీయగానే నాకు ఫోన్ మోగింది. తాళం పగలకుండా తీశారంటే పక్కన యోబు తాతగారు ఉన్నట్టే. నమస్కారమండీ తాతగారూ."

"అచ్చాయమ్మ గారెక్కడ సాయీ?" అంది మెర్సీ.

"చెరువు మధ్యలో దోనెలో ఉన్నారు. బుడ్డి చూపిస్తానని ఎక్కించాను. తెడ్డు నా చేతిలో ఉండిపోయింది. ఆవిడకి ఈత రాదట. దోనెకి అడుగున చిన్న చిల్లుంది, గుడ్డ కుక్కాను. ఆ గుడ్డకో తాడు కట్టాను. దాని కొస నా దగ్గరుంది." ఒక్క క్షణం ఆగాడు. "అవతల చెరువు కర్రకి నా పురికొస లేదు, చూశాను. ఈసారి నైలానే కట్టానండి తాతగారూ."

తొట్టిలో బుడగలు మాత్రం చప్పుడు చేస్తున్నాయి.

"ఐదింటికి సంఘం ముందు నిలబడి యంత్రం తప్పు చెప్పిందని ఒప్పుకో. ఆ మాట నాకు ఫోన్లో వినపడాలి. ఈలోగా నాని గానీ ఇంకెవరు గానీ ఇటు గట్టెక్కితే తాడు లాగేస్తాను. వినపడితే తెడ్డు విసిరేసి వెళ్ళిపోతాను."

ఫోన్ పెట్టేశాడు.

గోడ మీద మిల్లు పాత గడియారం వైపు చూశాను. పిల్లలే దాన్ని బాగుచేసి మళ్ళీ నడిపిస్తున్నారు. మూడూ యాభై రెండు. ఐదింటికి ఇంకా గంటా ఎనిమిది నిమిషాలు ఉంది.

దారి గంటా ఇరవై.